తాపీమేస్త్రి పరుగు: హాన్నెస్ కోలెహ్మైనెన్ విశేషాలు

ఒలింపిక్స్‌లో దూరపు పరుగులనగానే ఇప్పుడు మన నోట కెన్యా, ఇథియోపియాల పేర్లు వస్తాయి. నూరేళ్ల కిందట ఆ పేరు ఫిన్లాండ్‌ది. ఉత్తరాదిన, ఏడాదిలో సగం మంచు కిందే ఉండే ఆ చిన్న దేశం వరసగా పరుగువీరులను కన్నది. వాళ్లందరికీ దారి వేసినవాడు హాన్నెస్ కోలెహ్మైనెన్. అతను గెలవడం మొదలుపెట్టేనాటికి ఫిన్లాండ్‌కు స్వాతంత్ర్యమే లేదు. పరాయి పాలనలో పుట్టినవాడు తన జనం ఉనికిని కాళ్లతో ఎలా చాటాడో చెప్పే సంగతులివి.

సరస్సు ఒడ్డు ఊరు

హాన్నెస్ 1889 డిసెంబర్ 9న కువోపియోలో పుట్టాడు. కల్లవేసి అనే పెద్ద సరస్సును ఆనుకుని ఉన్న ఊరది. 1809 నుంచి ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. సొంత చట్టసభ, సొంత నాణెం ఉన్నా, చివరి మాట మాత్రం జార్‌దే. హాన్నెస్ ఇంట్లో పరుగు ఒక్కడి పిచ్చి కాదు. అన్నలు తాతు, విలియమ్ కూడా దూరపు పరుగుల్లో పేరు తెచ్చుకున్నవాళ్లే. ఒకే ఇంటి నుంచి ముగ్గురు అంతర్జాతీయ స్థాయి రన్నర్లు రావడం ఆ రోజుల్లోనే కాదు, ఈ రోజుల్లోనూ అరుదు.

పగలు ఇటుకలు, పళ్లెంలో కూరలు

హాన్నెస్ వృత్తి తాపీపని. ఇటుక మీద ఇటుక పేర్చి గోడ కట్టడమే కూడు పెట్టే పని. ఆటలో డబ్బు తీసుకుంటే ఒలింపిక్స్‌లోకి రానివ్వని కాలమది. కాబట్టి పని మానుకుని సాధన చేసే వీలు కూలివాడికి ఉండదు. పైగా అతను శాకాహారి. మాంసం తినకపోతే ఒంటికి బలం రాదని యూరప్‌లో చాలామంది గట్టిగా నమ్మే రోజుల్లో, మాంసం ముట్టని ఈ మేస్త్రి ప్రపంచంలోని దిట్టలందరినీ వెనక్కి నెట్టాడు.

ఆ రెండు పరుగుల మొదటి విజేత

ఇప్పుడు ఒలింపిక్స్‌లో 5000, 10,000 మీటర్ల పరుగులు లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. నిజానికి అవి రెండూ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌తోనే మొదలయ్యాయి. 1908 లండన్‌లో అయిదు మైళ్ల పరుగు ఉండేది. మైళ్ల లెక్క వదిలి మీటర్లలోకి మారిన తొలిసారే రెండింట్లోనూ బంగారం గెలిచినవాడు హాన్నెస్. ఈ రెండు పరుగుల ఒలింపిక్ విజేతల పట్టికలు ఎక్కడ తీసి చూసినా మొదటి పేరు అతనిదే.

తొమ్మిది రోజులు, ఆరు పరుగులు

స్టాక్‌హోమ్‌లో అతని దినచర్య చూడండి. జులై 7న 10,000 మీటర్ల అర్హత పరుగు. 8న ఫైనల్. 9న 5000 మీటర్ల అర్హత పరుగు. 10న ఫైనల్. ఒక్క రోజు విరామం. 12న 3000 మీటర్ల జట్టు పరుగు. 15న సుమారు 12 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ. అన్నీ కలిపితే దాదాపు 45 కిలోమీటర్లు, అంటే ఒక మారథాన్‌ను మించిన దూరం. అదీ తాపీగా కాదు, ప్రతిసారీ ప్రపంచ మేటి రన్నర్లతో పోటీపడి. మొదటి నాలుగు పరుగులూ వరసగా నాలుగు రోజుల్లో జరిగాయి. ఇంత బిగువైన వరసలోంచి అతను మూడు బంగారు పతకాలు, ఒక వెండి పతకం తీసుకుని బయటపడ్డాడు.

పదివేల మీటర్లలో అడవిబిడ్డలు

10,000 మీటర్ల ఫైనల్‌ను హాన్నెస్ 31 నిమిషాల 20.8 సెకన్లలో ముగించాడు. రెండోవాడు దాదాపు 46 సెకన్లు వెనక వచ్చాడు. ఎండ ధాటికి చాలామంది మధ్యలోనే తప్పుకోగా, చివరిదాకా నిలిచినవాళ్లు అయిదుగురే. రెండో స్థానంలో వచ్చిన లూయిస్ టెవానిమా అమెరికాలోని అరిజోనాకు చెందిన హోపి తెగవాడు. నాలుగో స్థానంలో వచ్చిన జోసెఫ్ కీపర్ కెనడాలోని క్రీ తెగవాడు. ముందు నిలిచిన నలుగురిలో ఇద్దరు అమెరికా ఖండపు ఆదివాసులు, ఇద్దరు సొంత రాజ్యం లేని ఫిన్లాండ్‌వాళ్లు. టెవానిమా తర్వాత ఈ పరుగులో మరో అమెరికన్‌కు ఒలింపిక్ పతకం రావడానికి 52 ఏళ్లు పట్టింది. 1964లో బంగారం గెలిచిన ఆ బిల్లీ మిల్స్ కూడా ఆదివాసే, లకోటా తెగవాడు.

సెకనులో పదో వంతు

1912 జులై 10 నాటి 5000 మీటర్ల ఫైనల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. బరిలో హాన్నెస్‌కు దీటైనవాడు ఒక్కడే: ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరం నుంచి వచ్చిన జాన్ బువాన్. కాసేపట్లోనే ఇద్దరూ మిగతావాళ్లను వదిలేసి ముందుకు వెళ్లిపోయారు. ఇక పోటీ అంతా వాళ్లిద్దరి మధ్యే. ఎక్కువ దూరం బువాన్ ముందున్నాడు. హాన్నెస్ అతని భుజం దాకా వస్తాడు, బువాన్ వేగం పెంచుతాడు, హాన్నెస్ మళ్లీ వెనకబడతాడు. చివరి చుట్టులోనూ ఇదే తంతు. గీత ఇంకా కొన్ని అడుగుల దూరంలో ఉందనగా, ఉన్న శక్తంతా కూడగట్టి హాన్నెస్ పక్కనుంచి దూసుకుపోయాడు. అతనిది 14 నిమిషాల 36.6 సెకన్లు. బువాన్‌ది 14 నిమిషాల 36.7 సెకన్లు. మూడో స్థానంలోని ఇంగ్లండ్ రన్నర్ జార్జ్ హట్సన్ రావడానికి ఇంకో అర నిమిషం పట్టింది.

అంతకుముందు 5000 మీటర్లను 15 నిమిషాల్లోపు పూర్తిచేసినవాడు లేడు. ఆ రోజు ఇద్దరూ ఒకేసారి ఆ గడపను ఇరవైమూడు సెకన్లకు పైగా తేడాతో దాటేశారు. ఇలాంటి పరుగులో ఓడినవాడు కూడా సగం విజేతే. బువాన్ అంత గట్టిగా లాగకపోతే హాన్నెస్‌కు ఆ సమయం వచ్చేది కాదు.

పదేళ్లు నిలిచిన రికార్డు

అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య పుట్టింది ఆ ఒలింపిక్స్ ముగుస్తున్న రోజుల్లోనే, ఆ స్టాక్‌హోమ్‌లోనే, 1912 జులై 17న. సమాఖ్య గుర్తించిన తొలి 5000 మీటర్ల ప్రపంచ రికార్డు హాన్నెస్‌దే. అది పదేళ్లు చెక్కుచెదరలేదు. 1922లో దాన్ని 14 నిమిషాల 35.4 సెకన్లకు దించినవాడూ ఫిన్లాండ్‌వాడే. అతని పేరు పావో నుర్మి.

రికార్డు దక్కింది, పతకం దక్కలేదు

జులై 12న 3000 మీటర్ల జట్టు పరుగులో హాన్నెస్ అందరికంటే ముందు వచ్చాడు. సమయం 8 నిమిషాల 36.9 సెకన్లు. ప్రపంచంలో అప్పటికి అంత వేగంగా ఆ దూరం పరుగెత్తినవారు లేరు. కానీ అది జట్టు లెక్క. ముగ్గురి స్థానాలూ కలిపి చూస్తారు. హాన్నెస్ వెనక అమెరికా రన్నర్లు గుంపుగా వచ్చేయడంతో ఫిన్లాండ్ అర్హత పరుగులోనే ఇంటిదారి పట్టింది. ప్రపంచంలోకెల్లా మెరుగైన సమయం నమోదు చేసినవాడు ఫైనల్లో లేడు. ఆ ఫైనల్ గెలిచింది అమెరికానే.

ఎండలో అన్న ఆగిపోయాడు

జులై 14న మారథాన్. స్టాక్‌హోమ్‌లో ఆ రోజు ఎండ మండిపోయింది. పరుగు తొలి భాగంలో ముందున్నవాళ్లలో హాన్నెస్ అన్న తాతు ఒకడు. కానీ వేడికి తట్టుకోలేక మధ్యలోనే ఆగిపోయాడు. పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లాజరో దారిలో కుప్పకూలి, మర్నాడు కన్నుమూశాడు. ఆధునిక ఒలింపిక్స్ చరిత్రలో పోటీ వల్ల సంభవించిన తొలి మరణం అదే. జపాన్ రన్నర్ షిజో కనకురి దాహానికి ఓర్వలేక దారిపక్క ఇంట్లో ఆగి, ఎవరికీ చెప్పకుండా వెనుదిరిగాడు. నిర్వాహకుల పుస్తకాల్లో అతని పరుగు ముగియనే లేదు. 1967లో స్వీడన్ వాళ్లు ముసలివాడైన కనకురిని పిలిపించి ఆ పరుగును పూర్తి చేయించారు. 54 ఏళ్లకు పైగా పట్టిన మారథాన్ అది.

ఆ మారథాన్ జరిగిన మర్నాడే హాన్నెస్ క్రాస్ కంట్రీలో దిగి, 45 నిమిషాల 11.6 సెకన్లలో మూడో బంగారం గెలిచాడు.

ఒక్క పాయింటు తేడా, పక్కనే నార్వే

అదే క్రాస్ కంట్రీలో జట్ల లెక్క కూడా తీశారు. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లే విజేతలు. స్వీడన్‌కు 10, ఫిన్లాండ్‌కు 11. ఒక్క పాయింటు తేడాతో వెండి వచ్చింది. బ్రిటన్‌ది మూడో స్థానం, నార్వేది నాలుగోది. నార్వే పేరు ఇక్కడ ఊరికే చెప్పడం లేదు. ఆ దేశం 1905లో స్వీడన్‌తో బంధం తెంచుకుని వేరుపడింది. కాబట్టి నార్వే కుర్రాళ్లు స్టాక్‌హోమ్‌లో తమ జెండా కింద, తమ రాజు ప్రజలుగా పరుగెత్తారు. వాళ్లకంటే రెండు మెట్లు పైన నిలిచిన ఫిన్లాండ్ కుర్రాళ్లకు ఆ భాగ్యం లేదు.

గెలిచింది ఒకరు, ఎగిరింది ఇంకొకరి జెండా

స్టాక్‌హోమ్‌లో ఫిన్లాండ్‌ను విడి జట్టుగా పోటీపడనిచ్చారు. కానీ ఫిన్లాండ్‌వాళ్లు గెలిచినప్పుడల్లా స్తంభం మీదికి లేచింది రష్యా జెండా. ఆ జెండా అలా ఎగరడం చూస్తుంటే గెలవకపోయినా బాగుండేదనిపించిందని హాన్నెస్ అన్నట్టు చెబుతారు. పరాయి పాలన చూసిన మన పెద్దల తరానికి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లలో మన హాకీ జట్టు బంగారం గెలిచినప్పుడు మన దేశమూ బ్రిటిష్ ఏలుబడిలోనే ఉంది. ఒలింపిక్ విజయానికి త్రివర్ణ పతాకం లేచింది 1948 ఆగస్టు 12న. లండన్ వెంబ్లీలో బ్రిటన్‌నే 4-0తో ఓడించిన రోజది.

అయినా హాన్నెస్ గెలుపు వృథా కాలేదు. స్టాక్‌హోమ్ తర్వాత ఫిన్లాండ్ అనే దేశం ఒకటుందని పత్రికలు చదివే ప్రపంచానికంతా తెలిసింది. పరుగుతో ఫిన్లాండ్‌ను ప్రపంచ పటం మీదికి ఎక్కించినవాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒకే నెలలో ఇద్దరు

5000 మీటర్ల పరుగులో పతకాలు అందుకున్న ముగ్గురిలో ఇద్దరికి ఇంకో ఒలింపిక్స్ చూసే రాత లేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ సెప్టెంబర్ 14న కాంస్య విజేత హట్సన్, 29న వెండి విజేత బువాన్ ఫ్రాన్స్ యుద్ధభూమిలో ప్రాణాలు వదిలారు. అంతకు ఏడాది ముందే బువాన్ గంటలో 19,021 మీటర్లు పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. పారిస్‌లో అతని పేరిట ఇప్పటికీ ఒక స్టేడియం ఉంది. 1916లో బెర్లిన్‌లో జరగాల్సిన ఒలింపిక్స్‌ను యుద్ధం మింగేసింది. అప్పటికి హాన్నెస్‌కు 26 ఏళ్లు. అతని ఉత్తమ కాలం అలా కరిగిపోయింది.

న్యూయార్క్‌లో మళ్లీ ఇటుకలే

స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన కొద్ది నెలల్లోనే హాన్నెస్ అమెరికా వెళ్లాడు. మూడు ఒలింపిక్ బంగారాలు ఉన్నా కడుపు నింపింది తాపీపనే. న్యూయార్క్‌లోని ఐరిష్ అమెరికన్ అథ్లెటిక్ క్లబ్ తరఫున పరుగెత్తాడు. 1917 బోస్టన్ మారథాన్‌లో నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ ఏడు గెలిచిన బిల్ కెనెడీది కూడా తాపీపనే. ఇటుకమేస్త్రి బిల్ అనే అందరూ పిలిచేవారు. ఒకే మారథాన్‌లో ఒక మేస్త్రి మొదటివాడు, ఇంకో మేస్త్రి నాలుగోవాడు! రెక్కల కష్టం మీద బతికేవాళ్లే అప్పట్లో ఈ ఆటకు వెన్నెముక.

అన్న విలియమ్ దారి వేరు. అతను డబ్బు తీసుకునే వృత్తి రన్నర్‌గా మారాడు. 1912 అక్టోబర్‌లో న్యూజెర్సీలో మారథాన్‌ను రెండున్నర గంటల్లోపే ముగించాడు. వృత్తి రన్నర్ కాబట్టి ఆ ఘనత అధికారిక రికార్డుల్లోకి ఎక్కలేదు. ఒలింపిక్స్ తలుపులూ అతనికి తెరుచుకోలేదు.

ఆంట్‌వర్ప్ వానలో సొంత జెండా

1917 డిసెంబర్ 6న ఫిన్లాండ్ స్వతంత్రం ప్రకటించుకుంది. 1920లో బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌లో ఒలింపిక్స్ జరిగేనాటికి ఆ దేశానికి తెలుపు మీద నీలి శిలువ ఉన్న సొంత జెండా ఉంది. ముప్పయ్యేళ్ల హాన్నెస్ ఈసారి మారథాన్ ఎంచుకున్నాడు. ఆగస్టు 22న వాన, చలి. దూరం 42.75 కిలోమీటర్లు. ఒలింపిక్ చరిత్రలో అంత పొడవైన మారథాన్ ఇంకొకటి లేదు. ఎస్టోనియా రన్నర్ యూరి లోస్‌మన్ చివరిదాకా వదలకుండా వెంటాడాడు. హాన్నెస్ 2 గంటల 32 నిమిషాల 35.8 సెకన్లలో గీత దాటాడు. లోస్‌మన్ 12.8 సెకన్లు మాత్రమే వెనక. ఎస్టోనియా కూడా రష్యా చెర నుంచి అప్పుడే బయటపడ్డ దేశం. మొన్నటిదాకా ఒకే చక్రవర్తి కింద నలిగిన రెండు దేశాలు ఆ రోజు మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. మూడో స్థానంలో వచ్చిన ఇటలీ రన్నర్ వలేరియో అర్రి అంత దూరం పరుగెత్తాక కూడా సంతోషం పట్టలేక మూడు పిల్లిమొగ్గలు వేశాడు. అన్న తాతు పదో స్థానంలో వచ్చాడు. స్టాక్‌హోమ్ ఎండలో ఆగిపోయినవాడు ఆంట్‌వర్ప్ వానలో పరుగు పూర్తి చేశాడు.

ఆ దారిలో మనవాళ్లు కూడా

ఆ ఆంట్‌వర్ప్ మారథాన్‌లో హాన్నెస్‌తో పాటు బయల్దేరినవాళ్లలో ఇద్దరు భారతీయులున్నారు. 1919లో పుణె డెక్కన్ జింఖానా పోటీల్లో రైతుబిడ్డలు వట్టి కాళ్లతో పరుగెత్తడం చూసి దొరాబ్జీ టాటా ఆశ్చర్యపోయారు. మనవాళ్లూ ఒలింపిక్స్‌కు తగినవాళ్లేనని నమ్మి, ఆరుగురిని బెల్జియం పంపేందుకు పూనుకున్నారు. వాళ్లలో బెళగావికి చెందిన ఫదెప్ప చౌగులే మారథాన్‌ను 2 గంటల 50 నిమిషాల 45.4 సెకన్లలో పూర్తిచేసి 19వ స్థానంలో నిలిచాడు. సదాశివ్ దాతార్ మధ్యలో ఆగిపోయాడు. మొదటిసారి ఒలింపిక్స్‌కు జట్టును పంపిన దేశానికి, అదీ ఆ చలివానలో, 19వ స్థానం చిన్నదేం కాదు. చౌగులేకు మూడు స్థానాల ముందు, 16వ స్థానంలో వచ్చినవాడు కనకురి. ఎనిమిదేళ్ల కిందట స్టాక్‌హోమ్ ఎండలో మాయమైన అదే జపాన్ రన్నర్!

తుర్కు కుర్రాడి బూట్లు

1912లో హాన్నెస్ గెలిచిన వార్త తుర్కు పట్టణంలో పదిహేనేళ్ల కుర్రాడిని కుదిపేసింది. తండ్రి లేడు. పన్నెండేళ్లకే బడి మాని పనిలో చేరినవాడు. ఆ వార్త విన్న కొద్ది రోజులకే తన తొలి పరుగుబూట్లు కొనుక్కున్నాడు. ఆ కుర్రాడే పావో నుర్మి. తర్వాత మూడు ఒలింపిక్స్‌లలో 9 బంగారు, 3 వెండి పతకాలు గెలిచాడు. ఆంట్‌వర్ప్‌లో హాన్నెస్ మారథాన్ గెలిచిన ఒలింపిక్సే నుర్మికి మొదటివి.

సహచరుడి పన్నెండేళ్ల ఓపిక

1924 పారిస్ మారథాన్‌లో హాన్నెస్ పరుగు పూర్తి చేయలేకపోయాడు. కానీ ఫిన్లాండ్ చేజారలేదు. గెలిచింది ఆల్బిన్ స్టెన్‌రూస్. 1912లో 10,000 మీటర్లలో హాన్నెస్ వెనక కాంస్యం అందుకున్నది అతనే. ఆ తర్వాత పన్నెండేళ్లు గడిచాక, 35 ఏళ్ల వయసులో బంగారం అతనికి దక్కింది.

రెండు జ్యోతులు

1952 జులై 19న హెల్సింకీ ఒలింపిక్స్ వానలో ప్రారంభమయ్యాయి. జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి వచ్చినవాణ్ని చూసి జనం హోరెత్తిపోయారు. వచ్చింది 55 ఏళ్ల నుర్మి. మైదానంలోని కుండాన్ని అతను వెలిగించాక, కుర్ర ఫుట్‌బాల్ ఆటగాళ్లు జ్యోతిని స్టేడియం పక్కనున్న ఎత్తయిన బురుజు మీదికి చేర్చారు. ఆ బురుజు ఎత్తు 72.71 మీటర్లు. 1932 ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్‌వాడైన మాట్టి యార్వినెన్ ఈటె విసిరిన దూరం సరిగ్గా అంతే. పైన ఎదురుచూస్తున్న 62 ఏళ్ల హాన్నెస్ జ్యోతిని అందుకుని రెండో కుండాన్ని వెలిగించాడు. శిష్యుడికి కింద, గురువుకు పైన చోటిచ్చిన ఆ ఏర్పాటులో ఫిన్లాండ్ కృతజ్ఞత కనిపిస్తుంది. హాన్నెస్ 1966 జనవరి 11న హెల్సింకీలో కన్నుమూశాడు.

పన్నెండింట్లో పది

చివరగా ఒక లెక్క. 1912 నుంచి 1936 దాకా ఆరు ఒలింపిక్స్ జరిగాయి. 5000, 10,000 మీటర్ల పరుగుల్లో మొత్తం పన్నెండు బంగారు పతకాలు. అందులో పది ఫిన్లాండ్‌వి. మొదటి రెండు హాన్నెస్‌వి. ఆ తర్వాత నుర్మి, రిటోలా, లెహ్తినెన్, హోకెర్ట్, సాల్మినెన్. 1936 బెర్లిన్‌లోనైతే 10,000 మీటర్ల మూడు పతకాలూ ఫిన్లాండ్‌వాళ్లవే. మంచి మైదానాలు, శాస్త్రీయ శిక్షణ, డబ్బు ఇవన్నీ తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది మాత్రం ఒక కూలివాడి గెలుపు, అది చూసి తామూ గెలవగలమన్న మిగతా కుర్రాళ్ల నమ్మకం. మన ఊళ్ల పరుగుబిడ్డలకు పతకాలు కావాలని కోరుకునేవాళ్లంతా హాన్నెస్ కథను పిల్లలకు చెప్పాలి. మొదటివాడు ఒక్కడు గెలిస్తే చాలు, వెనక వరస కట్టేవాళ్లు ఎందరుంటారో ఫిన్లాండ్ చూపించింది.